వెనక సీటు కింద ఆకుపచ్చ దారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, మీ బావ క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. ఇన్నాళ్ళూ ఈ ముక్కలు చెయ్యి దానంతటదే రాసుకుపోయేది. ఆ లోపల నేను అసలు సంగతులు గుర్తు చేసుకునేదాన్ని. ఇవాళ "నువ్వు క్షేమమని" అన్న దగ్గరే కలం ఆగిపోయింది. మూడు కాగితాలు చింపేశాను, ఇది నాలుగోది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

మొన్న ఫోన్లో "ఆ పడవ ఎక్కొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు" అన్నాను. నువ్వు "ఊరికే కట్టేస్తే మా పెద్దాయన ఊరుకోడక్కా, కారణం చెప్పు" అంటుండగానే పెట్టేశాను. మళ్ళీ రెండుసార్లు చేశావు, నేను తియ్యలేదు. మీ రేవు మొత్తానికి ఉన్న ఫోను ఒక్కటే, అదీ టిక్కెట్ల కిటికీలో. అక్కడ నువ్వు "ఎందుకక్కా, ఎందుకూ?" అని అరుస్తుంటే వరసలో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కిస్తారు. కారణం ముందు నీకు తెలియాలి. అందుకే ఈ ఉత్తరం. రేపు పొద్దుటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తాను. నువ్వు చివరిదాకా చదివి, ఆ తర్వాత రేవు నడిపే మీ పెద్దాయన చేతిలో పెట్టు.

నీ ఉత్తరంలో అడిగినవన్నీ వరసగా చెబుతాను. వరసలో వెళ్తేనే నాకు చెప్పాల్సిన చోటికి చేరే ధైర్యం వస్తుంది.

అమ్మ మోకాలు నయం. ఎంత నయమంటే, బట్టల తీగ కోసం పై వాటావిడతో తగాదా పడ్డానికి నిన్న మూడుసార్లు మెట్లెక్కింది. మీ బావ మారలేదు. తాళంచెవి జేబులోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాడు. నేను చిక్కానా అని అడిగావు. లేదు. పడవలు కట్టే షెడ్డులో అంటుకునే గాజుపీచు దురద మాత్రం అలాగే ఉంది. ఎన్ని చన్నీళ్ళు పోసుకున్నా ముంజేతులు మంటే.

ఇక నీ మాటల సంగతి. మీ పెద్దాయన ఎక్కడో పడవల రిపేరు పుస్తకం సంపాదించి, "మీ అక్క ఆ పనిలోనే ఉందిగా, ఈ మూడు మాటలకి అర్థం కనుక్కో" అన్నాడని రాశావు. ఏడేళ్ళుగా నేనీ పని చేస్తున్నా ఇంట్లో ఎవరూ నన్ను అడగని సంగతి అది. నువ్వు చిన్నప్పుడు మధ్యాహ్నం పూట నాకు అన్నం తెచ్చేవాడివి కదా, షెడ్డు గుమ్మం దగ్గరే ముక్కు మూసుకుని గిన్నె పెట్టేసి పారిపోయేవాడివి. అలాంటివాడికి ఇప్పుడు పడవ మీద ప్రేమ పుట్టిందని నవ్వుకున్నాను.

మొదటిది జెల్‌కోటు. అది పెయింటేనా అని అడిగావు. కాదు. పెయింటు అన్నిటికంటే చివర వేస్తారు, జెల్‌కోటు అన్నిటికంటే ముందు వేస్తారు. మేము పడవని బయటినుంచి లోపలికి కడతాం. ముందు మోల్డు ఉంటుంది, పడవ ఆకారంలో పెద్ద తొట్టి అనుకో. దానికి మైనం రుద్ది అద్దంలా తుడుస్తాం, లేకపోతే పడవ దాన్ని వదిలి రాదు. దాని మీద జెల్‌కోటు, అంటే పైకి కనబడే నున్నటి పూత. ఆ తర్వాత గాజుపీచు మ్యాట్ పరిచి, రెసిన్ అనే చిక్కటి జిగురుతో తడిపి, గాలిబుడగ లేకుండా రోలరుతో నొక్కుతాం. మళ్ళీ మ్యాట్, మళ్ళీ రెసిన్. గట్టిపడ్డాక మోల్డులోంచి లాగితే, ముందు వేసిన జెల్‌కోటు బయటికొస్తుంది, మేము రోజుల తరబడి నడుములు విరగ్గొట్టుకున్న పొరలన్నీ లోపలికి పోతాయి. జనం చెయ్యి వేసి "ఎంత నున్నగా ఉందో" అనేది ఆ జెల్‌కోటుని చూసి. పైన పటారం లోన లొటారం అన్న సామెత మా షెడ్డులోనే పుట్టిందని నేను అందరినీ నవ్వించేదాన్ని. ఇక ఆ జోకు వెయ్యను.

రెండోది స్టార్ క్రాక్. పుస్తకంలో బొమ్మ చూసి, "అచ్చం ఇలాంటివే మన పడవకీ ఉన్నాయి, చిన్న నక్షత్రాల్లా భలే ఉన్నాయి" అని మురిసిపోయావు. జెల్‌కోటు వంగదురా. దాని వెనకున్న పొరలు వంగితే అది పగులుతుంది. గట్టిగా ఏదైనా తగిలినా అలాగే పగులుతుంది. పగులు ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న. ముక్కు దగ్గరుంటే రేవు మెట్టు తగిలిందని సరిపెట్టుకోవచ్చు. నువ్వు రాసినవి వెనక, ఇంజను బిగించే పలకకి రెండు మూలల్లో. అక్కడ మెట్టు తగలదు. ఇంజను తోసినప్పుడల్లా ఆ పలక ఊగుతోందన్నమాట. బోల్టుల పక్కనుంచి గోధుమరంగు నీళ్ళు కారుతున్నాయని కూడా రాశావు. ఆ నీళ్ళు పొరల మధ్యనుంచి వస్తున్నాయి.

మూడో మాట దగ్గరికి వచ్చేముందు, నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం ఏం జరిగిందో చెప్పాలి.

ఎప్పటిలాగే అమ్మకి పైకి చదివి వినిపిస్తున్నాను. "అక్కా, నెల నుంచి నేను నడుపుతున్న పడవ మీ షెడ్డులో పుట్టిందేనట! చేపల చెరువులవాళ్ళ దగ్గర మా పెద్దాయన పాతది కొన్నాడు" అని నువ్వు రాసినచోట అమ్మ చప్పట్లు కొట్టింది. "అక్క చేసిన పడవని తమ్ముడు నడుపుతున్నాడు. ఇంతకంటే నాకేం కావాలే!" అంది. అబద్ధమెందుకు, నేనూ పొంగిపోయాను. ఆ పొంగులోనే తర్వాతి ముక్క చదివాను. "వెనక సీటు కింద, గాజు లోపల వేలెడు దారం ఇరుక్కుని ఉంది. ఆకుపచ్చది. అచ్చం నా బ్యాగు పట్టీకి నువ్వు వేసిన కుట్టు రంగే. ఎవరి చేతి నుంచి జారిందో గానీ, దాన్ని చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు."

అక్షరాలు కనబడుతున్నాయి, ఒక్కటీ బుర్రకెక్కడం లేదు. "ఆగిపోయావేమే, తర్వాతేం రాశాడు?" అని అమ్మ అడుగుతోంది. "రాత సరిగా లేదమ్మా" అని లేచి వెళ్ళి వంటగదిలో గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసనకి మీ బావ వచ్చి గ్యాసు కట్టేశాడు. నేను పొయ్యి ఎదురుగానే ఉన్నాను, చూడలేదు.

ఆ దారం ఎవరి చేతి నుంచీ జారలేదు. నేనే పెట్టాను. మా షెడ్డులో అదొక పద్ధతి. పడవ పొరలు పరిచినవాళ్ళు ఆఖరి మ్యాట్ కింద, వెనక సీటు దగ్గర, వేలెడు దారం పెట్టాలి. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. రేపు పడవకేమైనా అయితే ఎవరి చేతి పనో ఆ దారం చెబుతుంది. నాది ఎరుపు. ఏడేళ్ళలో నేను చేసిన పడవలన్నిట్లోనూ ఎర్రదారమే ఉంటుంది, ఒక్కదాంట్లో తప్ప. ఆ రోజు ఎర్ర ఉండ అయిపోయింది. పొద్దున నీ బ్యాగు పట్టీ కుట్టిన సూది, మిగిలిన దారంతో సహా, నా పని చొక్కా కాలరుకే గుచ్చి ఉంది. ఆ దారమే తెంపి పెట్టాను.

అది నువ్వు ఊరు వదిలి వెళ్ళిన రోజు. నీ బస్సు సాయంత్రం నాలుగింటికి.

ఇప్పుడు మూడో మాట. డీలామినేషన్ అంటే పొరకీ పొరకీ పట్టు విడిపోవడం. పైకి ఏమీ తెలియదు. లోపల రెండు పొరలు అతుక్కున్నట్టే ఉంటాయి, అతుక్కుని ఉండవు. అది ఎందుకొస్తుందో పుస్తకంలో పది కారణాలు రాసి ఉంటారు. నీ పడవకి ఎందుకొచ్చిందో ఏ పుస్తకంలోనూ ఉండదు, నేను చెబితేనే తెలుస్తుంది.

షెడ్డులో రెసిన్ డ్రమ్ములు రెండు. నీలం మూతది పొరలకి. నల్ల మూతది అన్నీ అయ్యాక లోపల ఆఖరి పూతకి. నల్ల మూత దాంట్లో మైనం కలిసి ఉంటుంది. గట్టిపడేటప్పుడు ఆ మైనం పైకి తేలి, గాలి తగలనివ్వకుండా పూతని నున్నగా ఆరబెడుతుంది. ఆఖరి పూతకి అది మంచిదే. మధ్య పొరల్లో పడితే మాత్రం కొంప మునిగినట్టే. నీలం మూత రెసిన్ మర్నాటికి కూడా పైన కాస్త జిగటగా ఉంటుంది. ఆ జిగటే మీద వేసే పొరని పట్టుకునేది. మైనం మీద ఏది వేసినా పట్టుకోదు.

నువ్వు వెళ్ళే ముందురోజు సాయంత్రం నేను నల్ల మూత డ్రమ్ములోంచి పట్టాను. ఎలా పట్టానో ఇప్పటికీ చెప్పలేను. నీ చొక్కాలు ఆరాయో లేదో, నీకు దారిలో తినడానికి ఏం కట్టాలో, అదే ధ్యాస. ఆ రెసిన్‌తోనే రెండు పొరలు పరిచి ఇంటికొచ్చేశాను. పొద్దున వెళ్ళి పడవ లోపల చెయ్యి పెట్టాను. వేళ్ళు అంటుకోవాలి. జర్రున జారాయి. ఇంకోచోట పెట్టాను, అక్కడా అంతే. చేతికి మైనం అంటింది. నాకు అప్పుడే తెలిసిపోయింది తమ్ముడూ. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

చెయ్యాల్సిన పని ఒక్కటే. లోపలంతా గరుకు కాగితంతో రుద్ది, ఆ మెరుపు పోగొట్టి, తుడిచి, అప్పుడు మిగతా పొరలు వెయ్యాలి. ఒక్క మనిషికి చీకటిపడేదాకా పని. సోమవారం పడవని మోల్డులోంచి తియ్యాలి. మిగిలిన పొరలూ ఇంజను పలకా నువ్వెళ్ళే రోజే పడాలి. నీ బస్సు నాలుగింటికి. ఓనరు సరుకు తేవడానికి వెళ్ళాడు, షెడ్డులో నేనొక్కదాన్నే. పది నిమిషాలు రుద్దాను. గోడ గడియారం చూశాను. రుద్దడం ఆపేశాను. జారుతున్న పొర మీదే మూడు పొరలు వేశాను, ఇంజను పలక దాని మీదే అతికించాను, దాని మీద మళ్ళీ మ్యాట్ వేశాను. పడవకి వేలాడదీసే చీటీలో "పాత పొర రుద్దారా?" అన్న గడి ఉంటుంది. అందులో టిక్కు పెట్టాను. దారం పెట్టి, చొక్కా కూడా మార్చుకోకుండా బస్టాండుకి పరుగెత్తాను.

నువ్వు కిటికీలోంచి మెడ బయటికి పెట్టి వెతుకుతున్నావు. బస్సు కదలడానికి అరగంట ఉంది. నా జుట్టులో రెసిన్ ఉండలు కట్టిందని వెక్కిరించావు. నేను కిటికీలోంచి నీ చెయ్యి పట్టుకుని బస్సు కదిలేదాకా వదల్లేదు. నీ ఉత్తరంలో ఏం రాశావో గుర్తుందా? "ఆ రోజు నువ్వు రాకపోయుంటే మొదటి నెలలోనే పారిపోయొచ్చేవాణ్ణక్కా. కష్టమనిపించినప్పుడల్లా ఆ అరగంటే తలుచుకుంటాను" అని రాశావు. ఆ వాక్యం నాకు కత్తిలా దిగింది. నువ్వు తలుచుకుంటున్న ఆ అరగంట ఎక్కడినుంచి తెచ్చానో ఇప్పుడు తెలిసిందిగా.

సోమవారం పడవ మోల్డులోంచి మెరుస్తూ ఊడొచ్చింది. నాణెం తీసుకుని వెనక పలక అంతా కొట్టి చూశాను. ప్రతిచోటా ఠంగుమంది. కొత్తలో అలాగే మోగుతుంది, పట్టు ఉందో లేదో బరువు పడి, ఊగి, నీళ్ళు చేరాక గానీ బయటపడదు. ఆ సంగతి తెలిసి కూడా, ఠంగుమంది కదా అని నన్ను నేను నమ్మించుకున్నాను. చేపల చెరువుకి పోతోంది, చిన్న ఇంజను, మేత చల్లుకోవడానికి ఒకడు తిరుగుతాడు, ఏమవుతుందిలే అనుకున్నాను. కొన్నాళ్ళకి మర్చిపోయాను కూడా. నిజంగానే మర్చిపోయానురా, అదే నాకు అన్నిటికంటే నమ్మశక్యంగా లేదు.

నిన్న పొద్దున ఓనరు ముందు నిలబడ్డాను. ఆయన టీ తాగుతున్నాడు.

"సార్, ఒక తప్పు చెప్పాలి. రెండేళ్ళ కిందటిది" అన్నాను.

"ఏ పడవ?"

"చేపల చెరువుకి వెళ్ళింది."

గ్లాసు కింద పెట్టాడు. "నల్ల మూత డ్రమ్ము" అన్నాడు.

నేనింకా డ్రమ్ము మాటే ఎత్తలేదు. "మీకు తెలుసా?" అన్నాను.

"ఆ సోమవారం డ్రమ్ములో కర్ర ముంచి చూశాను. జానెడు తక్కువుంది. ఆ వారం ఆఖరి పూత వేసిన పడవ ఒక్కటీ లేదు."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెబుతావనుకున్నా. నువ్వేమీ అనకపోయేసరికి, ఏమీ కాలేదేమోలే అనుకున్నా" అని టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాడు.

రెండేళ్ళు ఒకే బల్ల మీద ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. తేలు కుట్టిన దొంగలం ఇద్దరం. ఎవరి నొప్పి వాళ్ళు మింగుకుని, పంచదార చాలిందా అని ఒకరినొకరు అడిగాం.

కాసేపటికి ఆయన తేరుకున్నాడు. "చేతులు మారిపోయిన పడవ. గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు కెలికితే మన షెడ్డు పేరే పోతుంది. ఊరుకో" అన్నాడు.

"దాన్ని నడుపుతున్నది మా తమ్ముడు సార్."

"ఎవరు? అన్నం తెచ్చేవాడా?"

అవునన్నాను. ఆయన లేచి వెళ్ళి పొరలు అరగదీసే గ్రైండరు పెట్టె తాళాలు తెచ్చి నా ముందు పడేశాడు. "కాగితం మీద షెడ్డు పేరు రాయకు" అని మాత్రం అన్నాడు. రాయడం లేదు. తిరిగొచ్చాక నాకు అక్కడ పని ఉంటుందో లేదో అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంటికి నడుస్తూ ఇంకో మాట తట్టింది. దారి మధ్యలో నిలబడిపోయాను, వెనక సైకిలువాడు బెల్లు కొట్టి తిట్టాడు. "మా తమ్ముడు" అన్నాకే కదా ఓనరు కదిలింది. "నా తమ్ముడు" అని తెలిశాకే కదా నేను కదిలింది. రెండేళ్ళు ఆ చెరువులో తిరిగినవాడికి అక్క లేదా? వాడెవరో, ఈత వచ్చో రాదో నాకు తెలియదు. ఒక్కనాడూ అడగాలని కూడా అనిపించలేదు. వాడి అదృష్టం బాగుండి గట్టెక్కాడు. నా మంచితనం వల్ల కాదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. పడవని కట్టేస్తే చాలదు, ఒడ్డు మీదికి లాగించు. ఇంజను దింపించు. శనివారం కొత్త పెద్ద ఇంజను బిగిస్తారని రాశావు, ఆ మాట చదివినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఇరవైమంది మధ్య ఏట్లో ఉండగా ఆ పలక పొరల్నుంచి ఊడితే, ఇంజనుతోపాటు వెనక గోడే పోతుంది. పెద్దాయన నమ్మకపోతే ఆయన చేతికే ఒక నాణెమిచ్చి పలక మీద కొట్టమను. ఠంగుమంటే మంచి చోటు. బోలుగా డబ్‌మంటే పొర విడిపోయిన చోటు. డబ్‌మన్న మేరంతా సుద్దతో గియ్యి. సగం పలక గీస్తావని నా భయం. అక్క అని రాస్తే ఆయనకి చాలదు గనక, ఈ కాగితం వెనక జరిగిందంతా నాలుగు ముక్కల్లో రాసి నా పూర్తి సంతకం పెట్టాను. తప్పు నాదని, నీకేమీ తెలియదని స్పష్టంగా రాశాను. చెరువులవాళ్ళకి కూడా ఆయన ద్వారానే కబురు చెయ్యి.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. అమ్మ దగ్గర దాగుతుందా? నిన్న మధ్యాహ్నం కళ్ళజోడు పెట్టుకుని నీ ఉత్తరం తనే చదువుకుని, నా ముఖం చూసి, "ఆ దారం సంగతేంటో చెప్పు" అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. లేచి నా బట్టలు రెండు జతలు మడతపెట్టి సంచిలో పెట్టింది. "వాడు నడిపే పడవ అని వెళ్తున్నావా, నువ్వు చేసిన పడవ అని వెళ్తున్నావా?" అని అడిగింది. వాకిట్లోకి వెళ్ళి ఏడ్చాను.

శుక్రవారం సాయంత్రం ఆరింటి బస్సుకి దిగుతాను. గ్రైండరు, మాస్కులు, మ్యాట్, నీలం మూత రెసిన్ తెస్తున్నాను. పలక కోసి తీసి, మైనం తగిలిన ప్రతి పొరా విప్పి, గరుకు చేసి మళ్ళీ పరుస్తాను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు. ఆకుపచ్చ దారం తియ్యను, అది అక్కడే ఉండాలి. దాని పక్కన ఎర్రది పెడతాను.

ఆ రోజు నేను బస్టాండుకి రాకపోయుంటే ఏమయ్యేది? కిటికీలోంచి కాసేపు వెతికేవాడివి. అలిగేవాడివి. రెండు ఉత్తరాలు రాయకుండా నన్ను సాధించేవాడివి. ఆ తర్వాత మామూలే. అంతకి మించి ఏమీ కాదని నాకు ఆ రోజు తెలియలేదు.

శుక్రవారం నువ్వు నన్ను దింపుకోవడానికి బస్టాండుకి రావద్దు. పెట్టెలు బరువే, నేనే మోసుకొస్తాను. నువ్వు రేవులో ఆ పడవ పక్కనే కూర్చో. నేను వచ్చేదాకా దాంట్లో ఎవరూ కాలు పెట్టకుండా చూడు. నువ్వు రాలేదని నేను అలగను.

ఇట్లు,
నీ పడవ విప్పడానికి వస్తున్న
అక్క